మీకు తెలుసా? తేటగా ఉన్నవన్నీ మంచినీళ్లు కావు

బురదగా ఉన్న నీళ్లను ఎవరూ తాగరు. చిక్కంతా తేటగా కనిపించే నీళ్లతోనే. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, నైట్రేట్‌కు వాసన లేదు, కలరా క్రిమి కంటికి ఆనదు. పైగా వీటిలో ఒకదాన్ని వదిలించే ఉపాయం రెండోదాని మీద పనిచేయదు. కాస్తే చచ్చేది ఒకటి, వడకడితే పోయేది ఇంకొకటి, ఈ రెండింటికీ లొంగనిది మరొకటి. ఏది దేనికి లొంగుతుందో చెప్పే సంగతులు ఈసారి.

హైదరాబాద్‌లో నీళ్లు 100 డిగ్రీల దాకా వెళ్లవు

సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న ఊరు కాబట్టి, అక్కడ నీళ్లు సుమారు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గడమే ఇందుకు కారణం. దీనివల్ల నష్టమేమీ లేదు. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు అంతకన్నా తక్కువ వేడికే చస్తాయి. నీళ్లు బాగా తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం ఉంచితే చాలు. 2,000 మీటర్లు దాటిన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు ఉంచాలి. పావుగంట మరిగిస్తే గ్యాస్ ఖర్చు తప్ప అదనంగా ఒరిగేదేమీ లేదు. కాచాక అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చుకోవాలి. సరిగ్గా కడగని బిందెలోకి ఒంపి, చెయ్యి ముంచి గ్లాసుతో తీసుకుంటే పడిన శ్రమంతా వృథా.

కాస్తే పెరిగే మలినాలూ ఉన్నాయి

ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ వంటివి ఆవిరితో పాటు ఎగిరిపోవు. నీళ్లు ఇగురుతాయి, అవి అడుగున నిలిచిపోతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 10 లీటర్ల నీళ్లు మరిగి 8 లీటర్లు అయ్యాయనుకోండి. లెక్క ప్రకారం మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ 1.9 మిల్లీగ్రాములకు చేరువవుతుంది. క్రిముల భయం ఉన్న నీళ్లకు కాచడం మంచి మందు. ఖనిజాల బెడద ఉన్న బోరు నీళ్లకు అది మందే కాదు.

పప్పు ఉడకకపోతే తప్పు పప్పుది కాకపోవచ్చు

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే అవి కఠిన జలం. వాటితో సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతకీ మెత్తబడదు. పప్పు గింజలోని పెక్టిన్‌ను కాల్షియం పట్టుకుని గట్టిపరచడమే కారణం. గిన్నె అడుగున, గీజర్ రాడ్డు మీద పేరుకునే తెల్లటి పొర కూడా దీని పనే. కాచినప్పుడు బైకార్బనేట్లు విడిపోయి సున్నపు పొరగా దిగుతాయి. ఈ రకం కాఠిన్యం కాస్తే తగ్గుతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చిన కాఠిన్యం మాత్రం ఎంత మరిగించినా పోదు. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా కాఠిన్యం ఉండవచ్చు. వేరే నీటి వసతి లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు.

మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట బయటపడింది నెల్లూరు జిల్లాలో

అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా జనంలో ఈ జబ్బు ఉన్నట్టు 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వైద్య పత్రికకు ఎక్కించారు. పళ్లకు గార పట్టడం, నడుము వంగిపోవడం, కీళ్లు బిగుసుకుపోవడం దీని లక్షణాలు. ఏ ఫ్యాక్టరీ వ్యర్థమో దీనికి మూలం కాదు. ఫ్లోరైడ్ ఖనిజాలున్న గ్రానైటు రాళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలవుంటే, అందులోనూ ఆ నీళ్లలో క్షారగుణం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే, ఫ్లోరైడ్ కరిగి నీళ్లలోకి దిగుతుంది. అందుకే వానలు తక్కువై లోతు బోర్ల మీద ఆధారపడ్డ రాతినేలల్లో ఈ బాధ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండవచ్చని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని ప్రమాణం. విచిత్రమేమిటంటే, కొద్ది మోతాదులో ఇదే ఫ్లోరైడ్ పళ్లు పుచ్చకుండా కాపాడుతుంది.

ఆఫ్రికాలోనూ వినిపించే నల్గొండ పేరు

ఫ్లోరైడ్‌ను తగ్గించే ఒక పద్ధతికి ప్రపంచమంతటా ఉన్న పేరు ‘నల్గొండ టెక్నిక్’. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, 1970లలో దీన్ని రూపొందించింది. కావలసినవి మూడే: సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక. ఈ మూడూ వేసి, ముందు జోరుగా, తర్వాత నెమ్మదిగా కలుపుతారు. పటిక దూదిపింజల్లాంటి తెట్టుగా మారి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. పటిక వల్ల నీళ్లకు వచ్చే ఆమ్లగుణాన్ని సున్నం సరిచేస్తుంది, క్రిముల సంగతి బ్లీచింగ్ చూసుకుంటుంది. గంటసేపు తేరనిచ్చి పై నీళ్లను వడకట్టి వాడుకోవచ్చు. కరెంటు అక్కర్లేదు. ఇంట్లో బకెట్‌లోనూ చేసుకోవచ్చు, ఊరి ట్యాంకు స్థాయిలోనూ చేయవచ్చు. ఇథియోపియా, టాంజానియాలు కూడా దీన్ని వాడి చూశాయి. ఇబ్బందులూ లేకపోలేదు. ఫ్లోరైడ్ ఎంత, నీటి క్షారగుణం ఎంత అనేదాన్ని బట్టి పటిక మోతాదు మారాలి. మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. అడుగున మిగిలిన తెట్టును ఎక్కడ పడేయాలన్నది మరో తలనొప్పి.

ఒక జబ్బును తప్పించబోతే ఇంకొకటి

చెరువులు, కుంటల నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతుంటే, 1970ల నుంచి బంగ్లాదేశ్‌లో పెద్దఎత్తున గొట్టపు బావులు వేశారు. క్రిములు లేని తేట నీళ్లు పైకొచ్చాయి. వాటితో పాటే నేల పొరల్లో సహజంగా ఉన్న ఆర్సెనిక్ కూడా వచ్చింది. చర్మం మీద మచ్చలు, అరచేతుల్లో గరుకు పొక్కులు, కొందరికి క్యాన్సర్లు వచ్చాక గానీ సంగతి బయటపడలేదు. చరిత్రలో ఇంతమంది ఒకేసారి విషం బారిన పడిన ఘటన మరొకటి లేదని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన వ్యాసం చెప్పింది. పరీక్ష చేసి, ప్రమాదకరమైన పంపులకు ఎరుపు రంగు, తాగదగిన వాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చదువురాని వాళ్లకూ అర్థమయ్యే ఏర్పాటు అది.

నైట్రేట్ పెద్దలకన్నా పసిపిల్లలకు ముప్పు

పొలాలకు వేసిన యూరియా, పశువుల పేడ, సెప్టిక్ ట్యాంకుల ఊట కలిసి బావి నీళ్లలో నైట్రేట్‌ను పెంచుతాయి. ఆరు నెలల లోపు బిడ్డకు ఆ నీళ్లతో డబ్బాపాలు కలిపి పడితే, రక్తం ప్రాణవాయువును మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలం తిరుగుతుంది. బావి నీళ్లకు, ఈ జబ్బుకు ఉన్న సంబంధాన్ని 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కామ్లీ అనే వైద్యుడు గుర్తించాడు. మన ప్రమాణంలో నైట్రేట్‌కు హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఫ్లోరైడ్‌కు ఉన్నట్టు ‘వేరే దారి లేకపోతే’ అనే సడలింపు దీనికి లేదు.

టీడీఎస్ మీటరు విషాన్ని పట్టదు

ప్యూరిఫైయర్ అమ్మడానికి వచ్చినవాళ్లు మొదట జేబులోంచి తీసేది ఈ మీటరునే. అది కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందన్నది మాత్రమే. దాన్నిబట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కట్టి చూపిస్తుంది. ఆ మొత్తంలో కాల్షియం ఎంతో, ఫ్లోరైడ్ ఎంతో, ఆర్సెనిక్ ఎంతో విడదీసి చెప్పదు. మురుగు కలిసిన నీళ్లలోని క్రిములు దానికి అసలే కనబడవు. మీటరు 150 చూపినంత మాత్రాన నీళ్లు మంచివని కాదు, 600 చూపితే విషమనీ కాదు. ప్రమాణం ప్రకారం టీడీఎస్ 500 దాకా ఉండవచ్చు, గత్యంతరం లేని చోట 2,000 దాకా కూడా ఒప్పుకుంటారు.

ఆర్‌ఓ ఆవిష్కర్తల్లో ఒకరు మన దేశంవారే

1950ల చివర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని లాస్ ఏంజిలిస్ ప్రాంగణంలో సిడ్నీ లోబ్‌తో కలిసి, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ ఒక కొత్త పొరను తయారుచేశాడు. అంతకుముందున్న పొరలు ఉప్పును ఆపేవి గానీ, వాటిగుండా నీళ్లు మరీ మెల్లగా దిగేవి. వీళ్ల పొరకు పైన చాలా పల్చని చర్మం, కింద దన్నుగా గుల్ల భాగం ఉండటంతో వాడకానికి పనికొచ్చే వేగం దొరికింది. కాలిఫోర్నియాలోనే కోలింగా అనే చిన్న ఊరికి 1965లో ఈ పద్ధతితో తాగునీళ్లు ఇచ్చారు.

మామూలుగా పొరకు ఒకవైపు మంచినీళ్లు, రెండోవైపు ఉప్పునీళ్లు ఉంటే, మంచినీళ్లే ఉప్పు వైపు వెళతాయి. ఉప్పునీళ్ల మీద ఒత్తిడి పెట్టి ఆ దారిని తిప్పేయడమే ఆర్‌ఓ. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ మూడింటినీ చాలావరకు తగ్గించగల ఇంటి పరికరం ఇదే. అయితే ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి ఇళ్లలోని సాధారణ యంత్రం రెండు మూడు లీటర్లను పారబోస్తుంది. పనికొచ్చే ఖనిజాలనూ ఊడ్చేస్తుంది. అందుకే టీడీఎస్ 500 లోపు ఉన్న చోట్ల ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కేంద్రానికి చెప్పింది. నది నుంచి వచ్చిన నల్లా నీళ్లకు చాలాచోట్ల ఇంత హంగామా అవసరమే ఉండదు.

గుప్పెడు బొగ్గులో మైదానమంత చోటు

ఫిల్టర్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్ అంటే కొబ్బరి చిప్పల వంటివాటిని ప్రత్యేకంగా కాల్చి తయారుచేసిన బొగ్గు. దానిలో కంటికి కనబడని రంధ్రాలు ఎన్ని ఉంటాయంటే, వాటి గోడలన్నీ పరిస్తే ఒక్క గ్రాము బొగ్గుకే 500 చదరపు మీటర్లకు పైగా వైశాల్యం వస్తుంది. క్లోరిన్ వాసన, రంగు, పురుగుమందుల అవశేషాలు ఆ గోడలకు అతుక్కుపోతాయి. ఉప్పు, ఫ్లోరైడ్ మాత్రం దర్జాగా దాటిపోతాయి. గడువు దాటినా కార్ట్రిడ్జ్ మార్చకపోతే ఆ రంధ్రాలే బ్యాక్టీరియాకు కాపురాలవుతాయి.

పటిక, చిల్లగింజ, మునగ గింజ చేసే పని ఒక్కటే

నీళ్లలో తేలే సన్నటి మట్టి రేణువులన్నిటికీ రుణావేశం ఉంటుంది. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఎంతసేపైనా దిగకుండా తేలుతుంటాయి. పటిక ఆ ఆవేశాన్ని చల్లార్చి, రేణువులను గుమికూడేలా చేసి అడుగుకు దించుతుంది. మునగ గింజల్లోని ధనావేశమున్న ప్రోటీన్లదీ అదే పని. కడవ లోపలి అంచుకు చిల్లగింజను అరగదీసి బురద నీళ్లు తేర్చడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. సుశ్రుత సంహితలో కూడా ఈ గింజ ప్రస్తావన ఉంది. ఎన్నో క్రిములు ఆ మట్టితో పాటే దిగిపోతాయి, కానీ అన్నీ దిగవు. తేరిన నీళ్లను కాచడమో, క్లోరిన్ వేయడమో తప్పదు.

కలరాను సగానికి తగ్గించిన పాత చీర

కలరా బ్యాక్టీరియా ఎంతో చిన్నది, బట్టలోంచి సులువుగా జారిపోతుంది. అయితే చెరువు నీళ్లలో అది చాలావరకు కోపిపాడ్లనే నలకంత జీవులకు అంటుకుని ఉంటుంది. ఆ జీవులు బట్టలోంచి జారలేవు. ఈ కిటుకును పట్టుకుని రీటా కోల్వెల్ అనే శాస్త్రవేత్త బృందం బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంత పల్లెల్లో ఆడవాళ్లకు చీరతో వడకట్టడం నేర్పింది. 2003లో వెలువడిన ఫలితాల్లో కలరా కేసులు 48 శాతం తగ్గాయి. నాలుగు మడతలు వేయాలి, పైగా అది పాత చీర కావాలి. ఉతికి ఉతికి నూలు పోగులు విచ్చుకుని సందులు చిన్నవవుతాయి కాబట్టి ఈ పనికి కొత్త చీర పాతదానికి సాటిరాదు.

నారి కురుపును తరిమింది మందు కాదు, వడపోత

దిగుడు బావుల నీళ్లలో సైక్లాప్స్ అనే చిన్న జీవి కడుపులో నారి పురుగు పిల్ల ఉంటుంది. ఆ నీళ్లు తాగిన మనిషి ఒంట్లో అది ఏడాది పాటు పెరిగి, మూర పైన పొడవైన పురుగై, కాలి పుండులోంచి బయటికొస్తుంది. పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కాస్త చొప్పున లాగడం తప్ప వైద్యం లేదు. దీనికి టీకా లేదు, మందూ లేదు. ఒకప్పుడు ఈ జబ్బు ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. నీళ్లను బట్టతో వడకట్టించడం, జనం కాళ్లు పెట్టే దిగుడు బావులను చేదబావులుగా మార్చడం, మందు చల్లి సైక్లాప్స్‌ను చంపడం, ఇవే ఆయుధాలు. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు ఈ జబ్బు లేని దేశంగా ధ్రువపత్రం ఇచ్చింది.

ఇసుక పడక కొత్తదానికన్నా పాతదే నయం

ఏటి ఇసుకలో చెలమ తవ్వితే తేట నీళ్లు ఊరతాయి. అదే సూత్రంతో 1804లో స్కాట్లండ్‌లోని పైస్లీలో జాన్ గిబ్ ఇసుక వడపోత కట్టాడు. 1829లో జేమ్స్ సింప్సన్ లండన్‌లో పెద్దఎత్తున అమలుచేశాడు. కొత్త పడక మట్టిని ఆపుతుంది గానీ క్రిములను అంతగా ఆపలేదు. కొన్నాళ్లకు ఇసుక పైన నాచు, సూక్ష్మజీవులతో ఒక జిగురు పొర ఏర్పడుతుంది. అసలు పని దానిదే. నీళ్లలోని బ్యాక్టీరియాను పట్టి తినేస్తుంది. చూడటానికి రోతగా ఉన్న ఆ పొరను అనవసరంగా గీకేస్తే వడపోత మళ్లీ మొదటికొస్తుంది.

ఒకే నది, రెండు ఊళ్లు, రెండు రాతలు

జర్మనీలో హాంబర్గ్, ఆల్టోనా ఒకప్పుడు పక్కపక్క ఊళ్లు. రెండింటికీ ఎల్బ్ నది నీళ్లే. హాంబర్గ్ ఎగువన తోడుకుని వడకట్టకుండా సరఫరా చేసేది. ఆల్టోనాకు దిగువన, హాంబర్గ్ మురుగు కలిసిన నీళ్లే దిక్కు. కాకపోతే ఆ ఊరు వాటిని ఇసుకలో వడకట్టి ఇచ్చేది. 1892లో కలరా వచ్చినప్పుడు హాంబర్గ్‌లో 8,600 మంది దాకా చనిపోయారు. ఆల్టోనా దాదాపు క్షేమంగా బయటపడింది. రెండు ఊళ్ల సరిహద్దు వీధిలో ఒకవైపు ఇళ్లలో కలరా, ఎదుటి వైపు ఇళ్లలో లేదు. కలరాకు నీళ్లతో పనిలేదని వాదించేవాళ్లకు శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ చూపించిన సాక్ష్యం ఇదే.

కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఒక భరోసా

1908లో అమెరికాలోని జెర్సీ సిటీ నీళ్లలో జాన్ లీల్ అనే వైద్యుడు శాశ్వత పద్ధతిలో క్లోరిన్ కలపడం మొదలుపెట్టాడు. తాగే నీళ్లలో ‘విషం’ కలుపుతారా అని వ్యవహారం కోర్టుకెక్కింది. తీర్పు ఆయన వైపే వచ్చింది. కాచడానికీ, అతినీలలోహిత కిరణాలకూ లేని గుణం ఒకటి క్లోరిన్‌కు ఉంది. అది నీళ్లలో కొంత మిగిలి, దారిలో పైపు పగిలి మురుగు చేరినా పోరాడుతుంది. అందుకే చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణం. వాసన నచ్చకపోతే పట్టుకున్న నీళ్లను కాసేపు ఉంచండి, అదే పోతుంది.

బావికి బ్లీచింగ్ లెక్క కట్టడం తేలిక

మంచి రకం బ్లీచింగ్ పౌడరు 1,000 లీటర్లకు 2.5 గ్రాములు. రెండు మీటర్ల అడ్డకొలత, మూడు మీటర్ల నీటి లోతు ఉన్న గుండ్రటి బావిలో సుమారు 9,400 లీటర్లు ఉంటాయి. అంటే దానికి 24 గ్రాములు చాలు. పౌడరును నేరుగా చల్లకూడదు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేటను బావిలోకి వంచి, చేదతో బాగా కలియబెట్టాలి. గంట తర్వాత తోడుకోవచ్చు. సంచి విప్పి నెలల తరబడి ఉంచిన పౌడరులో క్లోరిన్ ఎగిరిపోతుంది, మిగిలేది సున్నమే.

ఎండ కూడా నీళ్లను శుద్ధి చేస్తుంది

రెండు లీటర్ల లోపు రంగులేని పెట్ ప్లాస్టిక్ సీసాలో తేట నీళ్లు పోసి, ఆరు గంటలు మంచి ఎండలో పడుకోబెడితే క్రిములు చాలావరకు చస్తాయి. మబ్బు పట్టి ఉంటే రెండు రోజులు ఉంచాలి. ఈ సంగతి మీద మొదట పనిచేసింది బీరూట్‌లోని ఆఫ్తిమ్ అక్రా బృందం. ఇళ్లలోని యూవీ దీపానిదీ కిరణాలతో క్రిమి జన్యువును దెబ్బతీసే పనే. రెంటికీ బలహీనత ఒక్కటే: నీళ్లు కలకగా ఉంటే క్రిములు మట్టి చాటున దాక్కుంటాయి. ముందు తేర్చాలి, తర్వాతే కిరణాలు.

రాగి బిందె మీద నమ్మకం ఉత్తది కాదు

రాగి పాత్రలో 16 గంటలు ఉంచిన నీళ్లలో విరేచనాల క్రిములు చనిపోయినట్టు 2012లో బెంగళూరు పరిశోధకులు ప్రచురించారు. రాత్రంతా నిలవ ఉంచాలన్న పెద్దల మాట ఇక్కడ సరిపోయింది. ఫ్రిజ్ మీద మాత్రం అంత నమ్మకం పెట్టుకోవద్దు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. మురికి నీళ్ల ఐసు వేస్తే మంచి చెరకు రసమైనా చెడుతుంది.

ఊరి నీళ్లకు ఒక చిన్న సీసా పరీక్ష

నీళ్లలో మలం కలిసిందేమో తెలుసుకోవడానికి గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు 1982లో ఒక తేలికైన పద్ధతి చెప్పారు. మందు పూసిన కాగితం ఉన్న సీసాలో నీళ్లు పోసి వెచ్చటి చోట ఉంచితే, మలం తాలూకు బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలి నీళ్లను నల్లబరుస్తుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు చొప్పున మహిళలకు కిట్లతో నీటి పరీక్ష నేర్పుతున్నారు. ప్రభుత్వ నీటి ప్రయోగశాలల్లో మామూలు జనం కూడా తమ ఇంటి నీళ్లను పరీక్ష చేయించుకోవచ్చు.

కాబట్టి యంత్రం కొనే ముందు నీళ్లను పరీక్షకు పంపండి. రిపోర్టులో క్రిములుంటే కాచడం, క్లోరిన్, యూవీల్లో ఏదైనా చాలు. కలక ఉంటే పటిక, వడపోత. వాసన ఉంటే బొగ్గు ఫిల్టరు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ హద్దు దాటితేనే ఆర్‌ఓ, లేదా నల్లా ద్వారా వచ్చే నది నీళ్లు. ఇవేవీ లేవని తేలితే ఒక మూత ఉన్న బిందె, పొడుగు కాడ గరిటె కొనుక్కోండి. మిగిలిన డబ్బు మీదే.